ముప్పై రెండో విస్తరి

ఈ కథలో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నేను తారుమారు చేస్తే చేయవచ్చు. ఈమధ్య అలాగే అవుతోంది. మాలకొండయ్య మాస్టారికి వచ్చిన చిక్కు మాత్రం బాగా గుర్తుంది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

మాలకొండయ్య ఉదయగిరి కొండల కింద నల్లగుట్టపల్లె బడిలో మాస్టారు. ముప్పై ఏళ్లు నిండలేదు. మంచివాడు, కష్టపడేవాడు. తాను మంచివాడినని, కష్టపడతానని తెలిసినవాడు కూడా. ఆ చివరి సంగతే అతనికి కాస్త బరువు.

ఆ యేడు ఎవరో దాతలు ఆ బడికి ఇరవై రెండు ట్యాబులు పంపారు. ఒక్కోదానికి ఒక హెడ్‌ఫోన్. ఇంకొకరైతే వాటిని బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, పై అధికారి వచ్చిన రోజున తుడిచి చూపించేవారు. మాలకొండయ్య అలా చేయలేదు. దసరా సెలవులన్నీ వాటితోనే గడిపాడు. పెళ్లికి పిలిస్తే పోలేదు, చావుకు పిలిస్తే పోయి పది నిమిషాల్లో వచ్చేశాడు.

ఇరవై రెండు మంది పిల్లల్లో ఎవరి ఇబ్బంది ఏమిటో రాసుకున్నాడు. పెంచలయ్యకు నల్లబల్ల ఆనదు, వాడికి గుమ్మడికాయంత అక్షరాలు. ఖాసింబీకి సరిగా వినపడదు, ఆ పిల్లకు బొమ్మ కింద మాటలు. ఓబులేసు ఒకచోట కూర్చోలేడు, వాడికి వేలితో తరిమే ఆటలు.

తొమ్మిదేళ్ల వెంగమ్మకు అక్షరాలు నిలిచేవి కావు. పుస్తకంలో 'కమల' అని ఉంటే ఒకసారి 'మకల' అనేది, ఒకసారి 'లకమ' అనేది, మూడోసారి ఏమీ అనేది కాదు. నోటితో చెబితే మాత్రం ఎంత పెద్ద సంగతైనా ఇట్టే పట్టుకునేది. అందుకని ఆ పిల్లకు చదివే పాఠాలు తీసేసి వినే పాఠాలు పెట్టాడు. ఆ ఆలోచన సరైనదే. కథ చివరిదాకా అది సరైనదిగానే ఉంటుంది.

పాఠాలు మొదలయ్యాక తరగతి ఎంత నిశ్శబ్దమైందంటే పక్క తరగతి పంతులమ్మ రెండుసార్లు తొంగిచూసి వెళ్లింది, పిల్లల్ని ఇంటికి పంపేశాడేమోనని. మాలకొండయ్య గోడమీద ఒక నియమం రాశాడు: హెడ్‌ఫోన్ తీసినవారు బయటికి. తాను కుర్చీలో కూర్చుని తన ట్యాబులో చూసుకునేవాడు. అందులో ఇరవై రెండు చుక్కలు. పాఠం బాగా వస్తే ఆకుపచ్చ, కాస్త తడబడితే పసుపు, రాకపోతే ఎరుపు. ఇదివరకు పిల్లల మధ్య తిరిగి తిరిగి కాళ్లు పీకేవి. ఇప్పుడు చుక్కల్ని చూస్తే చాలు.

నెల తిరిగేసరికి ఇరవై ఒక్క చుక్కలు పచ్చగానో పసుప్పచ్చగానో అయ్యాయి. వెంగమ్మది ఒక్కటే నెత్తుటిబొట్టులా అలాగే ఉంది. ట్యాబు రోజూ పాఠం చెప్పి ప్రశ్న అడుగుతుంది. వెంగమ్మ ఏదో ఒకటి నొక్కుతుంది. అది తప్పు. ట్యాబు మళ్లీ మొదటికి తీసుకెళుతుంది. ఇరవై ఏడు రోజులుగా ఆ పిల్ల మొదటి పాఠంలోనే ఉంది.

ఈ ముచ్చట అక్కడితో ఆగినా బాగుండేది. మాలకొండయ్య, తన యంత్రం ఎంత నిక్కచ్చిగా చెబుతుందో చూడమని, వెంగమ్మ నాన్న తిరుపాలును పిలిచి ఆ ఎర్రచుక్క చూపించాడు.

తిరుపాలు గొర్రెల కాపరి. చుక్కను చాలాసేపు చూశాడు.

"అయ్యోరా, దీనికి చదువు రాదని మనుషులు చెప్తే నేను నమ్మలా. ఇప్పుడు మిషను గూడా అదే చెప్తాండాది గదా," అన్నాడు.

మాలకొండయ్య దాని అర్థం అది కాదని చెప్పబోయాడు. తిరుపాలు వినలేదు. మేత అయిపోయింది, వచ్చే బుధవారం మందను దిగువకు తోలుకుపోతున్నాం, మళ్లీ వానలు పడ్డాకే రావడం, పిల్లను కూడా తీసుకుపోతాను, దానికి గొర్రెలన్నా వస్తాయి అన్నాడు. ఒకసారి మంద వెనక పోయిన పిల్ల మళ్లీ బడికి రావడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

అదీ మాలకొండయ్య చిక్కు. బుధవారానికి అయిదు రోజులే ఉంది.

అతనికి ఒక గురువు ఉంది. పేరు సంజీవమ్మ. అందరూ గురువమ్మ అంటారు. రెండు మైళ్ల దూరంలో, వాగు గట్టున, నాలుగు పాకలు వేసుకుని ఉండేది. ఆమె ఉపన్యాసం చెప్పగా విన్నవాళ్లు లేరు. కొత్తగా వచ్చినవాళ్లు కొందరు ఆమెకు ఏమీ తెలియదనుకుని వెళ్లిపోయేవారు. ఆమె వాళ్లకు దారిలో తాగడానికి మంచినీళ్లు ఇచ్చి పంపేది.

ఆదివారం పౌర్ణమి పడింది. ప్రతి పౌర్ణమికీ మధ్యాహ్నం అక్కడ బంతి భోజనం ఉంటుంది. మాలకొండయ్య పొద్దున్నే వెళ్లాడు. గురువమ్మ అనపకాయలు ఒలుస్తోంది. అతను పక్కన కూర్చుని మొత్తం చెప్పాడు. దాతలు, దసరా సెలవులు, పెద్ద అక్షరాలు, చిన్న ఆటలు, చుక్కలు అన్నీ. ఎవరికి ఏ లోటో, దానికి ఏ సాధనమో రాసుకున్న జాబితా చదివి వినిపించాడు. ఇంత చేసిన మాస్టారు చుట్టుపక్కల పది ఊళ్లలో లేడని కూడా అన్నాడు, వేరెవరో అన్నట్టుగా. అయినా ఆ పిల్ల ముందుకు కదలడం లేదు, ఇంకేం చేయాలి అని అడిగాడు.

గురువమ్మ కాయలు ఒలుస్తూనే ఒక్కటే అడిగింది, ఆ పిల్ల నీతో ఏమంటుంది అని.

"ఏమీ అనదమ్మా. చాలా బుద్ధిగా ఉంటుంది."

ఆమె గింజల గిన్నె పక్కన పెట్టింది.

"ఈ పూట వడ్డన నీది నాయనా. నీ పిల్లలకు ఎట్లా చేస్తావో అట్లాగే చెయ్యి."

మాలకొండయ్యకు ఒళ్లు పులకరించింది. వడ్డన ఎప్పుడూ గురువమ్మే చేసేది. ఆమె గరిటె ఇంకొకరి చేతికిచ్చిందంటే మాటలు కాదు.

వెంటనే సంచిలోంచి ట్యాబు తీశాడు. వచ్చినవాళ్లు ముప్పై ఒక్కరు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఏది పడుతుంది, ఏది పడదు, ఎంత తింటారు అని అడిగి రాసుకున్నాడు. మనిషిని పట్టుకుని నీ జబ్బేమిటని అడిగితే ఎవరు ఊరుకుంటారు. వడ్రంగి సుబ్బరాయుడు, పక్కవాడికి రెండు జబ్బులున్నాయని విని, తనకు కారం బొత్తిగా పడదని చెప్పాడు. పిచ్చిరెడ్డి అనే మోతుబరి, వయసులో ఉన్నప్పుడు ఒక్కడే కుంచెడు బియ్యం తినేవాణ్నని చెప్పుకున్నాడు. మాలకొండయ్య 'అన్నం మూడు మార్లు' అని రాశాడు. పళ్లు లేని ఓబులమ్మకు మెత్తటిది. నాగిరెడ్డికి చక్కెర జబ్బు, పాయసం వద్దు. ఆ మాట రాస్తుంటే నాగిరెడ్డి తొంగిచూసి, చిన్నబుచ్చుకుని, ఎవరికి పాయసం రెండుసార్లు రాశావని అడిగాడు. పన్నెండో నంబరు ఆయనకు అని చెప్పాడు మాలకొండయ్య, అమాయకంగా.

తర్వాత పాకలో నేలమీద సుద్దతో ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా అంకెలు వేశాడు. అంకెకొక విస్తరి.

అక్కడి భోజనానికి ఒక పద్ధతి ఉంది. విస్తరి ముందు కూర్చున్నాక, మజ్జిగ తాగి లేచేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. ఇంకా కావాలంటే విస్తరి అంచు వేలితో తాకాలి. చాలంటే అరచెయ్యి అడ్డం పెట్టాలి. చారు కావాలంటే అన్నంలో గుంట చేసుకుని కూర్చోవాలి. వడ్డించేవాళ్ల కళ్లు విస్తళ్ల మీద ఉంటాయి కాబట్టి మాటతో పని పడేది కాదు.

మాలకొండయ్య ఎడమచేతిలో ట్యాబు, కుడిచేతిలో గరిటె పట్టుకుని దిగాడు. వెనక ఇద్దరు గిన్నెలు మోస్తున్నారు. అతను అంకె చూస్తాడు, తెర చూస్తాడు, వడ్డిస్తాడు, కదులుతాడు. ఒక్కటి తప్పిపోలేదు.

సుబ్బరాయుడికి ఉప్పూకారం లేని పప్పు పడింది. గుత్తివంకాయ కూర తన ముందునుంచి పక్కవాడి విస్తరిలోకి వెళ్లడాన్ని అతను అత్తారింటికి వెళుతున్న కూతుర్ని చూసినట్టు చూశాడు. విస్తరి అంచు తాకాడు. మరోసారి తాకాడు. చివరికి తబలా వాయించాడు. తెరలో 'కారం పడదు' అని ఉంది.

ఓబులమ్మకు పిసికిన ముద్ద వచ్చింది. ఆమె చిగుళ్లతో జంతికలు కూడా నమలగలదు. అప్పడాల బుట్ట వైపు రెండు చేతులూ చాచింది. మాలకొండయ్య అది దీవెన అనుకుని తల వంచి ముందుకు వెళ్లాడు.

పిచ్చిరెడ్డికి రెండో మారు అన్నం పడేసరికే ఆయాసం వచ్చింది. మూడో మారు వస్తుంటే ఒక అరచెయ్యి అడ్డం పెట్టాడు. చాలదని రెండో అరచెయ్యి కూడా పెట్టాడు. మాలకొండయ్య తెర చూసుకుంటూ రెండు చేతుల మీదా అన్నం పెట్టి, దాని మీద చారు పోశాడు. చారు వేడిగా ఉంది. పిచ్చిరెడ్డి మౌనవ్రతాన్ని ఆ రోజు నిలబెట్టుకున్నాడంటే అదంతా పూర్వజన్మ సుకృతం.

నాగిరెడ్డి ఎప్పుడు మారి కూర్చున్నాడో గాని, పన్నెండో అంకె ముందు ఉన్నాడు. రెండో గరిటె పాయసం పడినప్పుడు అతని కళ్లు మూసుకుపోయాయి. దేవుడున్నాడని అతనికి గట్టి నమ్మకం కుదిరింది ఆ పూటే.

ప్రతి మారూ మాలకొండయ్య ముప్పై ఒకటో విస్తరి దాకా వెళ్లి అక్కడినుంచి వెనక్కి తిరిగాడు. పప్పుకు తిరిగాడు, కూరకు తిరిగాడు, చారుకు, పాయసానికి, మజ్జిగకు తిరిగాడు. అంతా ముగిసి అందరూ లేచి చేతులు కడుక్కోవడానికి వెళుతుంటే, ట్యాబు చంకలో పెట్టుకుని, మెచ్చుకోలు కోసం తల ఎత్తాడు.

బంతి చివర, ముప్పై ఒకటి దాటాక, అంకె లేని చోట ఇంకొక విస్తరి ఉంది. దాని ముందు గురువమ్మ కూర్చుని ఉంది. ఆమె ఎప్పుడూ అందరూ తిన్నాక తినేది. ఆ రోజు మొదటినుంచీ బంతిలోనే కూర్చుంది. ఆకు మీద చల్లిన నీళ్లు కూడా ఆరిపోయాయి. ఒక్క మెతుకు లేదు.

తిన్నవాళ్లు మడిచినట్టే ఆమె ఆ ఖాళీ విస్తరిని తన వైపుకు మడిచింది.

మాలకొండయ్య చంకలోంచి ట్యాబు తీసి చూసుకున్నాడు.

"అమ్మా... జాబితాలో మీరు లేరు."

"లేనులే నాయనా. ఆకలి ఉంది."

అతను వంటపాకలోకి పరుగెత్తాడు. గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. అన్నం డేగిసా అడుగున మాడు మాత్రం మిగిలింది. దాన్నే గోకి, మజ్జిగ పోసి తెచ్చాడు. గురువమ్మ మడిచిన విస్తరి విప్పి, అది ఇష్టంగా కరకరలాడించింది. అతను ఎదురుగా కూర్చుని, ఆమె నోట్లో ముద్ద పెట్టుకోవడం, నమలడం, మింగడం, మొత్తం చూశాడు. ఆమె విస్తరి అంచు తాకకముందే ఉప్పు తెచ్చాడు.

ఇంకేమైనా చెబుతుందేమోనని సాయంత్రం దాకా అక్కడే తచ్చాడాడు. ఆమె అనపగింజలు ఎండబోసుకుని నిద్రపోయింది.

సోమవారం బడికి వెళ్లాక మాలకొండయ్య కుర్చీలో కూర్చోలేదు. పిల్లలు ట్యాబులు తెరిచాక తన ట్యాబును బల్లమీద బోర్లా పెట్టి, వెళ్లి వెంగమ్మ ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు. మాస్టారు నేలమీద కూర్చోవడం చూసి ఆ పిల్ల తాను ఏదో పెద్ద తప్పే చేశాననుకుంది.

వెంగమ్మ రెండు జడలు మడిచి చెవుల మీదుగా కట్టుకుని, ఎర్ర రిబ్బన్లు పూలలాగా ముడివేసుకుని ఉంది. హెడ్‌ఫోన్ ఉంది. అయితే అది చెవుల మీద లేదు. జడల మీద, చెవులకు రెండు అంగుళాల పైన, తలపాగాలాగా కుదురుగా కూర్చుని ఉంది. పాఠం ఆమె జుట్టుకు చెబుతోంది.

అతను జడ మెల్లగా పైకెత్తాడు. చెవితమ్మె ఉబ్బి ఎర్రగా ఉంది. దాని మధ్యలో వేపపుల్ల ముక్క. చుట్టూ చీము. రెండో చెవీ అంతే.

"ఎప్పుడు కుట్టించారమ్మా?"

"తిరునాళ్లలో సార్. ట్యాబులు ఇయ్యకముందు రెండు దినాలు."

అప్పటికి నెల దాటింది. మొదటిరోజు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చెవులు భగ్గుమన్నాయట. తీసేద్దామంటే గోడమీద రాసి ఉన్నది ఏమిటో పక్కపిల్ల చదివి చెప్పిందట. అందుకని తీయకుండా, కాస్త పైకి జరుపుకుందట. పాఠం ఏమిటో వినపడదు కదా, మరి ఏం నొక్కుతున్నావు అని అడిగాడు.

"అది రోజూ పచ్చబొమ్మా, ఎర్రబొమ్మా చూపిస్తది సార్. పచ్చబొమ్మ నొక్కితే ఊరుకుంటది."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

వెంగమ్మ చాలాసేపు ఆలోచించింది. అబద్ధం చెప్పే పిల్ల కాదు, నొప్పించే పిల్లా కాదు.

"మీరు ట్యాబు చూస్తా ఉంటిరి గదా సార్."

మాలకొండయ్య లేచి గోడ దగ్గరికి వెళ్లి, నీళ్లు చల్లి, తాను రాసిన నియమాన్ని తుండుగుడ్డతో తుడిచాడు. సగం పోయింది. 'బయటికి' అన్నది మాత్రం ఎంత రుద్దినా పోలేదు. ఆ మాట ప్రకారం తానే బయటికి నడిచి, ఆరోగ్య కేంద్రం నర్సమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె పుల్లలు తీసి, కడిగి, మందు పూసి, మాస్టారి వైపు ఒక చూపు చూసి వెళ్లింది. సాయంత్రం వెంగమ్మ ఇంటికి పోయాక వాళ్ల అవ్వ ఆ మందు మీద పసుపు కూడా అద్దింది.

నర్సమ్మ వెళ్లగానే మాలకొండయ్య ట్యాబుకు ఉన్న హెడ్‌ఫోన్ తీగ లాగేసి, చప్పుడు తగ్గించి, వెంగమ్మను వరండాలో గోడవార కూర్చోబెట్టాడు. మొదటి పాఠం పావుగంటలో అయిపోయింది. మధ్యాహ్నానికి నాలుగయ్యాయి. మంగళవారం సాయంత్రం ఇంటిగంట కొట్టాక ట్యాబు ఇవ్వమంటే ఆ పిల్ల ఒళ్లో దాచుకుంది. మాలకొండయ్య ఈ రెండు రోజులూ మిగతా పిల్లల్లో కూడా ఒక్కొక్కరి దగ్గరా కూర్చున్నాడు. పెంచలయ్య ఆ గుమ్మడికాయ అక్షరాలకు కూడా మెడ వంకరగా పెడుతున్నాడని తెలిసింది. కిటికీ వెలుగు వాడి తెరమీద పడుతోంది. వాణ్ని ఇటు తిప్పి కూర్చోబెడితే మెడ నిటారైంది.

బుధవారం పొద్దున్నే తిరుపాలు వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. మంద రోడ్డుమీద ఆగి ఉంది, బడి గోడవతల గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి.

"ఏందయ్యోరా, మిషను ఈ పొద్దు ఏమంటాండాది?" అన్నాడు.

మాలకొండయ్య చెయ్యి అలవాటుగా ట్యాబు మీదికి పోయింది. చుక్క పచ్చబడి ఉందని అతనికి తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకుని, చెవుల సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. గోడమీది నియమాన్ని కూడా దాచలేదు.

తిరుపాలు కర్ర గడ్డం కింద ఆనించుకుని విన్నాడు.

"గొర్రె మేత ముట్టకపోతే మేము ముందు దాని నోరు తెరిచి చూస్తాం అయ్యోరా," అన్నాడు. మాస్టారు తల వంచుకున్నాడు. తిరుపాలే గొంతు తగ్గించి, తిరునాళ్లలో కుట్టించింది తామేనని, ఇంట్లో కూడా ఎవరూ జడ ఎత్తి చూడలేదని ఒప్పుకున్నాడు.

ఇద్దరూ వరండాలోకి వెళ్లారు. వెంగమ్మ వీళ్లను చూడలేదు. ఒళ్లో ట్యాబు, చెవులకు పసుపు. ట్యాబు తియ్యటి గొంతుతో లెక్క అడుగుతోంది. ఒక మందలో నలభై ఆరు గొర్రెలున్నాయి, వాటిలో పంతొమ్మిది తప్పిపోయాయి, ఇంకా ఎన్ని ఉన్నాయి అని.

"ఇరవై ఏడు," అంది వెంగమ్మ. చెప్పి, ట్యాబుకేసి అనుమానంగా చూసింది. "పంతొమ్మిది పోయిందాకా కాపరి ఏం చేస్తాండాడు?"

తిరుపాలు దగ్గు వచ్చేదాకా నవ్వాడు. మాలకొండయ్య నవ్వలేదు.

"పోదామా మే?" అన్నాడు తిరుపాలు, కళ్లు తుడుచుకుని.

వెంగమ్మ తల ఎత్తకుండా ఒక వేలు చూపించింది.

"ఉండు నాయినా. ఇంకా రెండు లెక్కలుండాయి."

తిరుపాలు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు వరండా మెట్టుమీద కూర్చుని, పక్కకు జరిగి చోటిచ్చాడు. తిరుపాలు కర్ర గోడకానించి కూర్చున్నాడు. రోడ్డుమీద గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి.

లెక్కలు రెండు కావు, పదకొండు. అవి అయ్యేదాకా ఆ ఇద్దరిలో ఎవరూ నోరు విప్పలేదు. అయిపోయాక తిరుపాలు లేచి, కూతురి జడ ఎత్తి రెండు చెవులూ చూసి, ఒక్కడే మంద వెనక దిగువకు పోయాడు.

ప్రసూనా, నేను చెప్పిందంతా రాసుకున్నావు గదా, పేర్లన్నీ ఒకసారి చూసిపెట్టమ్మా. వడ్రంగి సుబ్బరాయుడేనా, ఇంకెవరైనానా అన్నది మీ పెద్దమ్మను అడుగు, ఆమెకు తెలుసు.